పిల్లికి లంకణము పథ్యము కాదు



పార్వతీపురమునుండి యొక సోదరి మాకు వ్రాసిన జాబులోని మాటలివి: “మా పిల్లికి పదియేండ్లు దాటినవి. నాలుగు దినములనుండి ఏమియు ముట్టుట లేదు. కన్నులు పచ్చబడినవి. పశువుల డాక్టరుగారు చూచి, కాలేయమును మూత్రపిండములును రెండును చెడినవని చెప్పిరి. ఇంటి పెద్దలు ‘లంకణము పరమౌషధము, కడుపు మాడ్చినచో అదియే కుదురుకొనును, దాని జోలికి పోవలదు’ అనుచున్నారు. నేనేమి చేయుదును?”

జాబు అందిన నాడే ఆమెకు సమాధానము వ్రాసి పంపితిమి. పత్రిక వెలువడు వఱకు ఆ పిల్లి ఆగియుండదు గదా! అయినను ఇట్టి సందేహము పెక్కుయిండ్లలో కలుగునదే కావున ఈ మాసము మన శీర్షికను దీనికే వినియోగించుచున్నాము. మా యింటి పిల్లికి గత సంవత్సరము ఈ రెండు వ్యాధులును కూడి రాగా అయిదు మాసములు శుశ్రూష చేసియుంటిమి. అందువలన చేతితో చేసి యెఱిగిన సంగతులు కొన్ని చెప్పగలము.

లంకణము పరమౌషధమను మాట అసత్యము కాదు. అజీర్ణమునను, కొన్ని జ్వరములందును మనుష్యునికి పూర్వవైద్యులు చెప్పినదే అది. కాని శాస్త్రవాక్యము ఎవరిని గూర్చి చెప్పబడినదో చూచుకొనవలెను. ఏనుగుల వైద్యమునకు పాలకాప్యుడును, గుఱ్ఱముల వైద్యమునకు శాలిహోత్రుడును దొరకిరి. వంటయింటి పిల్లికి గృహిణియే దిక్కు. మనుష్యునికి చెప్పిన పథ్యమును దానికి తగిలించుటలోనే ప్రమాదమున్నది.

పిల్లి చిన్నచిన్న జీవులను దినమునకు పలుమార్లు పట్టి తినుచు బ్రతుకుటకై యేర్పడిన జంతువు. దానికి తిండి నిలిచిపోయినచో శరీరములోని క్రొవ్వు కరగి కాలేయమునకు చేరును. ఆ క్రొవ్వును మరల బయటికి పంపుటకు మాంసకృత్తులు కావలెను, అవి తిండినుండియే రావలెను, తిండియా లేదు. అందుచేత క్రొవ్వు కాలేయమునందే పేరుకొని, దాని పని స్తంభించి, కామెర్లు పుట్టును. కామెర్లు పుట్టినచో వికారము హెచ్చి మరల తిండిపై రోత కలుగును. ఇది గానుగ చుట్టు తిరిగెడి యెద్దు నడకవంటిది. ఎవరో యొకరు నడుమ పట్టి నిలుపవలసినదే గాని తనంతట నిలువదు. బొద్దుగా పెరిగిన పిల్లులకు ఇది మఱింత త్వరగా వచ్చును. రెండు మూడు దినముల పస్తే చాలును. అందుచేత పిల్లి ఒక దినమంతయు ఏమియు తినకున్నచో మఱునాడు వైద్యునికి చూపవలెను. “రేపు చూతము” అనుచు వారము గడుపరాదు.

ఇక మూత్రపిండముల సంగతి. పిల్లి జాతికి మూలము ఆఫ్రికా, పశ్చిమాసియా దేశముల ఎండుభూములందు తిరుగాడెడి అడవిపిల్లి. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల క్రిందట ఒక మనుష్యుని సమాధి చెంతనే పూడ్చబడిన పిల్లి యెముకలు దొరకినవని 2004లో ప్రకటించిరి. మనతో దానికి ఇంత పాతచుట్టరికము. నీరు దొరకని చోట పుట్టిన జాతి గనుక కొద్దినీటితో చిక్కని మూత్రమును విడుచుట దాని మూత్రపిండముల నేర్పు. వార్ధక్యమున ఆ నేర్పు తగ్గును. మూత్రపిండములలో మూడింట రెండు పాళ్లు చెడువఱకు ఆ తగ్గుదల పైకి తెలియదు. నాలుగింట మూడు పాళ్లు చెడిన పిమ్మటగాని సామాన్యమైన రక్తపరీక్షకు అందదు. అప్పుడు మూత్రము పలుచనై హెచ్చును, దాహము హెచ్చును, ఒడలు చిక్కును, నోట దుర్వాసన పుట్టును. మలినము రక్తమున నిలిచి వికారము కలిగించును. వికారముచేత పిల్లి తినదు. తినకున్న కాలేయము చెడును. ఇట్లు మూత్రపిండముల వ్యాధియే కాలేయవ్యాధికి తలుపు తీయుట కలదు. మా మల్లికి జరిగినది ఇదియే.

మల్లి మా యింటికి వచ్చినది లారీ షెడ్డునుండి. మా సాలూరు లారీలకు బాడీలు కట్టుటలో పేరు పొందిన ఊరని మీరెఱుగుదురు. అట్టి షెడ్డులో రంపపు పొట్టునందు దొరకిన పసికూనను మా పెద్దపిల్లవాడు జేబులో వేసికొని తెచ్చెను. పదునొకండేండ్లు మా యింట పెరిగినది. గత వేసవిలో నీళ్లతొట్టి కడనే అది కూర్చుండుట చూచి డాక్టరునకు చూపవలెనని మేము అనుకొనుచున్న వారముననే కనబడకపోయెను. జబ్బుపడిన పిల్లి ఏకాంతము కోరును. బాధను దాచుట దాని జాతిస్వభావము. వేటాడు జంతువునకు బలహీనత చూపుట ప్రాణాపాయము గదా. అయిదవనాడు షెడ్డులోని పనివారు చెక్కల వెనుక ముడుచుకొని పడియున్న దానిని తెచ్చి మా వసారాలో పెట్టిరి. చెవి లోపలి చర్మము పసుపు పూసినట్లుండెను. నాలుగున్నర కిలోల పిల్లి 3 కిలోల 600 గ్రాములు తూగెను.

మా ఊరి పశువుల డాక్టరుగారు వెంటనే సెలైను ఎక్కించి రక్తము తీసి పంపిరి. బిలిరుబిను హెచ్చియుండెను, నీరు పట్టించిన పిమ్మట గూడ క్రియాటినిను 3.6 ఉండెను. పిల్లుల మూత్రపిండవ్యాధిని నాలుగు దశలుగా విభజించుట 1998లో ఏర్పడిన ఒక అంతర్జాతీయ వైద్యసంఘము వారి పద్ధతి. 1.6కు లోబడిన మొదటిదశ, 2.8 వఱకు రెండవది, 2.9 మొదలు 5.0 వఱకు మూడవది, ఆపైన నాలుగవది. మల్లి మూడవ దశలో నుండెను. ఈ యంకెలు వినగానే బెదరవలదు. అవి పిల్లికి సెలైను పట్టి స్థిమితపడిన పిమ్మట తీసిన రక్తమువైన గాని నమ్మదగినవి కావు.

చిక్కు ఎచ్చటనున్నదో చూడుడు. మూత్రపిండములకు మాంసమును, అందులోని భాస్వరమును తగ్గించిన ఆహారము మంచిది. 2006లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, 45 పిల్లులను రెండేండ్లపాటు చూడగా, అట్టి ప్రత్యేకాహారము తిన్న వానిలో ఒక్కదానికైనను రక్తము విషపడెడి ఉపద్రవము రాలేదు. అది సామాన్యలాభము కాదు. కాని క్రొవ్వు పట్టిన కాలేయమునకు మాంసకృత్తులే కావలెను. రెండు పథ్యములును పరస్పరవిరుద్ధములు. డాక్టరుగారు చెప్పిన నిర్ణయము మాకు నేటికిని జ్ఞాపకమున్నది: “అమ్మా, మూత్రపిండములు నెలలలో చంపును, కాలేయము దినములలో చంపును. ముందు దీనికి తిండి పెట్టుడు. పథ్యము సంగతి పిమ్మట చూతము.”

ఆ తిండి యేదనుట మా యింట ఒక ధర్మసందేహమైనది. మేము శాకాహారులము. మనవంటి యిండ్లలో పెరుగన్నముతో పిల్లి బ్రతుకునను నమ్మకమొకటి కలదు. అది సరికాదు. టారిను అను పదార్థము మాంసమత్స్యములందే దానికి దొరకును. అది చాలనిచో పిల్లికి కన్నులు చెడునని 1975లోను, గుండె చెడునని 1987లోను అమెరికా దేశమున కనిపెట్టిరి. మా మల్లి పెరుగన్నము మా యింటను చేప యెదురింటను తినుచు రెండు కాపురములు చేసినది గనుక ఆ లోటు దానికి లేదు. ఇప్పుడు యెదురింటికి నడచి పోలేని స్థితి వచ్చెను. ఆ యింటి యిల్లాలు మాకంటె పెద్దది. అప్పా యని పిలుతుము. ఆమెయే గుమ్మములో నిలిచి, “ఏటి మేష్టారమ్మా, అయిదు దినాలయి మీ పిల్లి మా పక్క రానేదు, ఏటయినాది?” అని యడిగి, సంగతి విని, సాయంకాలమునకు చిన్నచేపలు తెచ్చెను.

మా అత్తగారు ఆలోచించి, పెరటి వసారాలో వేఱు పొయ్యి మీద, వేఱు గిన్నెలో వండవచ్చునని సెలవిచ్చిరి. కాని చేప ముట్టిన చేతులతో స్నానము చేయక వంటయింట అడుగు పెట్టరాదనిరి. దినమునకు అయిదు మారులు తినిపించవలసి యుండెను. మూడవనాటికి వారే కాళ్లు చేతులు కడిగికొనిన చాలునని అనిరి. మొదటిదినము ముల్లు తీయ చేతకాక మేము కూర్చుండియుండగా అప్ప, “ఆ గిన్నె ఇటు తే, నీ చేత అవదు” అని లాగికొని చూపించినది. మా పదునైదేండ్ల కాపురమున ఆ వసారాలో ఆమె కూర్చుండుట అదియే మొదలు.

చేపను ఉప్పు, పసుపు, కారము లేక ఉడికించవలెను. ఉల్లి వెల్లుల్లి ఎంతమాత్రము తగిలింపరాదు. అవి పిల్లి రక్తకణములను చెఱచును. పచ్చిచేప పెట్టరాదు. ఎండుచేపలో ఉప్పును, ముల్లును ఎముకయును గల వానిలో భాస్వరమును హెచ్చు గనుక మూత్రపిండములు చెడినదానికి అవి తగవు. ఉడికించిన గ్రుడ్డు తెల్లసొన మంచిది. పాల సంగతి వేఱుగ చెప్పవలెను. తెనాలి రామకృష్ణుని పిల్లి పాలు చూచి పరుగెత్తిన కథ చెప్పి మన పిల్లలను నవ్వించుచుందుము గాని, నిజమునకు ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరుగవు. జబ్బుపిల్లికి పాలు పోసి విరేచనములు తెప్పించుట ఉన్న నీటిని గూడ పోగొట్టుటయే.

మల్లి యెదుట పెట్టిన చేపను వాసన చూచి మొగము త్రిప్పుకొనెను. వికారముగానున్న పిల్లికి తిండి ముందు పెట్టి బ్రతిమాలుట వలన ఉపయోగము లేదు. ఆ తిండిపైననే శాశ్వతముగ అసహ్యము పట్టును. ముందు వాంతి నిలుపు మందు డాక్టరుచేత ఇప్పించి, అది పనిచేసిన పిమ్మట పెట్టవలెను. తిండి మన చేతి వెచ్చదన ముండవలెను. చల్లనిదానికి వాసన లేదు, వాసన లేనిది పిల్లికి తిండి కాదు. చేదుమందును ఇష్టమైన తిండిలో కలిపి మోసపుచ్చుటయు మంచిది కాదు. రెండవమారు మందును తినదు, తిండిని తినదు.

అప్పటికిని తినకున్న, సూదిలేని సిరంజితో పట్టవచ్చును. పాత నూలుచీరతో పిల్లిని చుట్టి, వెనుకనుండి పట్టుకొని, కోరపంటి వెనుక ప్రక్కసందున ఒక్కొక్క మిల్లీలీటరుగా పోయవలెను. తల పైకెత్తి గొంతులోనికి పోసినచో ఊపిరితిత్తులకు పోయి ప్రాణాంతకమగును. మింగిన పిమ్మట మఱియొకటి. దగ్గినచో ఆపవలెను. మల్లికి రెండు దినములు ఇట్లు చేసితిమి. కాని 3 కిలోల 600 గ్రాముల పిల్లి ఊరక పడియుండుటకే దినమునకు ఇంచుమించు 180 కెలోరీలు కావలెను. సిరంజితో అందులో సగమైనను పోలేదు. అందుచేత డాక్టరుగారి సలహాపై విశాఖపట్టణమునకు తీసికొనిపోయి, మత్తిచ్చి, మెడప్రక్కనుండి ఆహారనాళములోనికి సన్నని గొట్టము వేయించితిమి.

గొట్టమనగానే సోదరీమణులు కన్నులు మూసికొందురు. మేమును అట్లే తలచితిమి గాని, సిరంజితో నోరు తెఱపించుటకంటె అదియే దయగల పద్ధతి. నోటితో పోరాటము లేదు. గొట్టములో ముందు గోరువెచ్చని నీరు 5 మిల్లీలీటరులు, పిమ్మట మెత్తగ నూరి వడగట్టిన ఆహారమును పావుగంటసేపు నెమ్మదిగ, తుదను మరల నీరు. నీరు పోయనిచో గొట్టము పూడుకొనును. మొదటిదినము కావలసినదానిలో నాలుగవ వంతు మాత్రమే యిచ్చి, నాలుగవనాటికి పూర్తిగ ఇచ్చితిమి; పస్తున్న దేహమునకు ఒక్కమారుగ తిండి కూరినచో రక్తములోని లవణములు తారుమారై అపాయము. మెడకట్టు దినదినము విప్పి తుడిచి కట్టవలెను. మా పిల్లలు మల్లి “పైటచెంగు” అని దానికి పేరు పెట్టిరి.

ఇరువది ఆఱవ దినమున మల్లి గొట్టముతోనే లేచి అప్ప గిన్నెలో మూతి పెట్టెను. చెవుల పసుపు అప్పటికి చాలవఱకు పోయెను. క్రొవ్వు పట్టిన కాలేయము తిండి అందినచో కోలుకొనును. ఇది వట్టి యోదార్పు మాట కాదు, ఈ వ్యాధిలో నిజముగ కుదురుకొను భాగమిదియే. మూత్రపిండములలో పోయినది తిరిగి రాదు. అక్కడ మిగిలినదానిని కాపాడుకొనుటయే.

దానికై నీరు. వెడల్పాటి మట్టిమూకుళ్లలో ఇంట మూడుచోట్ల నీరుంచవలెను. తిండి ప్రక్కనున్న నీటిని పిల్లులు మెచ్చవు. త్రాగినది చాలనప్పుడు చర్మము క్రింద సెలైను ఎక్కించుట డాక్టరు నేర్పును. మాకు దినము విడిచి దినము 100 మిల్లీలీటరులని చెప్పిరి. సీసాను గోరువెచ్చని నీటిలోనుంచి, భుజముల నడుమ వదులుగానుండు చర్మమును గుడారమువలె ఎత్తి, దాని మొదట సూది గ్రుచ్చవలెను. నీరు బుడ్డివలె నిలిచి, కాలివైపునకు జాఱి, కొన్ని గంటలలో ఇంకిపోవును. ఏ సెలైను, ఎంత అన్నది డాక్టరే చెప్పవలెను. పిల్లి నిద్రించుచుండగా నిమిషమునకు ముప్పదికి మించి ఊపిరి తీయుచున్నచో ఆనాడు ఎక్కింపక వెంటనే చూపవలెను. గుండె ఆ నీటిని మోయలేకున్న గుర్తు కావచ్చును. మావారు బడినుండి తెచ్చిన పాత హాజరుపట్టీలో తేదీ, తిండి, నీరు, ఇసుకపళ్లెములో మూత్రపు ముద్దలు, వాంతి, వారమునకొకమారు బరువు వ్రాసికొనుచు వచ్చితిమి. డాక్టరుగారు మా మాటలకంటె ఆ పట్టీనే ఎక్కువగ చదివిరి. గర్భవతులు మాత్రము ఇసుకపళ్లెము శుభ్రపఱచు పనిని మఱియొకరికి అప్పగింపవలెను.

ఈ లోగా మా యింటికి వచ్చిన వైద్యములు లెక్కకు మిక్కిలి. ఒకరు నేలఉసిరి పసరు పోయుమనిరి. ఒకరు కామెర్లకు వాత పెట్టించుమనిరి. బాధతో మూలుగుచున్నది గదా యని ఒకరు తమ పిల్లవాని జ్వరపు మాత్రను అరగదీసి తెచ్చిరి. పసరును వాతను ఏదో యొక నమస్కారముతో త్రిప్పి పంపవచ్చును గాని, ఆ మాత్ర సంగతి గట్టిగ చెప్పవలెను. పారాసిటమాలును విఱుచునట్టి శక్తి పిల్లి కాలేయమునకు లేదు. ఒక్క మాత్రతో దాని రక్తము ప్రాణవాయువును మోయు గుణము కోల్పోయి, చిగుళ్లు నీలివర్ణమై, ప్రాణము పోవచ్చును. ఒకరికి అమృతమైనది మఱియొకరికి విషమగుటకు మన దేశముననే పెద్దసాక్ష్యమున్నది. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫినాక్ అను మందు ఆ పశువు కళేబరమును తిన్న రాబందుల మూత్రపిండములను చెఱచి వాని సంతతిని నాశనము చేసినదని 2004లో తేలెను. 2006లో పశువైద్యమున దానిని మన ప్రభుత్వము నిషేధించెను.

మూత్రపిండములకు చేటైనవి ఇంటిచుట్టునే మఱి రెండు. పూలగుత్తులలో అమర్చెడి నిజమైన లిల్లీజాతి పూవు, ఆకు, పుప్పొడి కూడ పిల్లికి ఘోరవిషము. మన పూలబజారులో లిల్లీ యని మూరలెక్కను అమ్మునది నేలసంపెంగ. అది వేఱుజాతి, దానికి భయపడనక్కఱలేదు. రెండవది మా ఊరివంటి చోట్ల ముఖ్యము. లారీల రేడియేటరులలో పోయు కూలెంటు నేలపై ఒలికినచో, పిల్లి అందులో నడచి పాదములు నాకికొనిన చాలును; కొద్దిదినములలో మూత్రపిండములు పూర్తిగ మూతపడును. షెడ్డులవారితో మావారు మాటలాడగా, ఒలికినచోట రంపపు పొట్టు చల్లి ఊడ్చివేయుచున్నారు.

వ్యయము మాట విడిచిన పాఠకురాండ్రు మమ్ము క్షమింపరు. “పిల్లికి సెలైనా!” యని వీధిలో నవ్వినవారు కలరు. కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ధర్మరాజు కథను పురాణకాలక్షేపమున విని కన్నులు తుడుచుకొనిన వారే వారిలో కొందఱు. అయినను వారి మాటలో న్యాయము లేకపోలేదు. బడిపంతులుగారి జీతముతో గడుచు ఇల్లు మాది. పిల్లల ఫీజులు ముందు. అందుచేత మొదటిదినముననే మేమును మావారును కూర్చుండి, ఇంతకు మించి పోగూడదని యొక మొత్తము నిర్ణయించుకొంటిమి. నగ తాకట్టు పెట్టరాదు, అప్పు చేయరాదు. మొత్తము ముందే నిర్ణయింపక దినదినము దుఃఖముతో నిర్ణయించువారు తుదకు ఇంటిని గాని పిల్లిని గాని కాపాడలేరని మా అభిప్రాయము. పరీక్షలకు దూరము పోవలసినవారు గరివిడిలోని పశువైద్యకళాశాలను జ్ఞాపకముంచుకొనుడు. అది తిరుపతిలో 2005లో స్థాపింపబడిన పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినది.

అయిదవ మాసమున మల్లి మరల చిక్కిపోసాగెను. క్రియాటినిను 6 దాటెను. నోట పుండ్లు పుట్టెను. మొదటి మారు తిండితో గెలిచిన మాకు ఇప్పుడును గొట్టము వేయింతమా యను ప్రశ్న వచ్చెను. డాక్టరుగారు వలదనిరి. మొదట కాలేయము కొఱకు గొట్టము వేసితిమి, అది కోలుకొనునది; ఇప్పుడు వేసినచో బాధను పొడిగించుటకే యని వారి మాట. లంకణమును గూర్చి మేము పైన వ్రాసినదానికి ఇది మేర. కోలుకొను వ్యాధిలో తినిపించుట ప్రాణదానము, తుదిదశలో బలవంతముగ తినిపించుట హింస. ఈ భేదమును పిల్లి మొగము చూచి తెలిసికొనలేము. రక్తపరీక్షయు హాజరుపట్టీయు కలిపి చూడవలెను.

మల్లి కిష్టమైనవి మూడు పనులు పట్టీ వెనుకపుటలో వ్రాసియుంచితిమి. ఉదయమున పిట్టగోడపై ఎండ కాగుట, ఒడలు నాకికొనుట, మావారు సైకిలు దిగు చప్పుడునకు గుమ్మములోనికి వచ్చుట. ఆ మూడింటిలో రెండైన చేసినది మంచిదినము. ఒక వారమున మంచిదినము ఒక్కటియే వచ్చెను, మఱువారమున అదియు రాలేదు. అప్పుడు నొప్పి లేక నిద్రపుచ్చు సూదిమందు సంగతి డాక్టరుగారు చెప్పిరి. ముందు మత్తిచ్చి, పిల్లి గాఢనిద్ర పోయిన పిమ్మట మత్తుమందునే అధికముగ ఎక్కింతురు. కొద్దినిమిషములలో గుండె నిలుచును.

మా అత్తగారు అంగీకరింపలేదు. పిల్లిని చంపిన పాపమునకు నిష్కృతి లేదని చిన్ననాటినుండి విన్నవారు వారు. “పోయెడి ప్రాణము దాని దారిని పోవును. మన చేతితో త్రోయనేల? రాత్రియంతయు నేను దాని ప్రక్కన కూర్చుందును” అనిరి, అన్నట్లే రెండు రాత్రులు కూర్చుండిరి. మావారు ఏమియు చెప్పలేక బడికి పోయిరి. మూడవనాడు మల్లి నీటిమూకుడు వఱకు ప్రాకి, తల ఎత్తలేక అంచుపై గడ్డము ఆనించి యుండుట చూచి, మేమే డాక్టరుగారిని పిలిపించితిమి. మా ఒడిలోనే జరిగినది. అత్తగారు ఆదినమున మాతో మాటలాడలేదు. సాయంకాలము తలస్నానము చేసి, పెరటిలో నందివర్ధనము క్రింద త్రవ్వించిన గోతికడకు వచ్చి, పసుపునీళ్లు చల్లి పోయిరి. వారికిని మాకును ఈ విషయమున నేటికిని ఏకాభిప్రాయము లేదు. ఒకే యింట రెండు ధర్మములు ఇట్లే ఉండుననుకొందుము.

ఈ నిర్ణయము ఎదురైన సోదరీమణులకు మేము చెప్పునది ఒక్కటే. ఇంటి పెద్దలతో ఈ మాట పిల్లి బాగుగనున్నప్పుడే ఎత్తి ఉంచుకొనుడు. ఆ రాత్రి యెత్తినచో ఎవరి మాటయు ఎవరికి వినబడదు.

పిల్లిని పాతిపెట్టువారు నడుములోతు గోయి త్రవ్వింపవలెను; లేనిచో వీధికుక్కలు త్రవ్వును. విప్పని సెలైను సీసాలు రెండును డాక్టరుగారికే ఇచ్చివేసితిమి. ఆఱిన మాత్రలు, తెఱచిన మందులు మఱియొక పిల్లికి దాచిపెట్టరాదు. వాడిన సూదులను మూతగల డబ్బాలోనుంచి ఆసుపత్రికి అందజేయవలెను. చెత్తబుట్టలో వేసినచో ఊడ్చువారి చేతికి గ్రుచ్చుకొనును.

వచ్చు మాసమున పెరటికోళ్లకు తగులు కొక్కెర తెగులును గూర్చి వ్రాయుదుము. మక్కువనుండియు పాచిపెంటనుండియు జాబులు వ్రాసిన సోదరీమణులు అంతవఱకు ఓపిక పట్టవలెనని ప్రార్థన.